కళాయి పట్టని గుండు

మొన్న నేను చపాతీ పిండి కలుపుతుంటే మా మనవరాలు ఫోను తెచ్చి ముక్కు దగ్గర పెట్టింది. కళ్ళజోడు పెట్టుకోనివ్వదు, చేతులకు పిండి ఉందన్నా వినదు. తెర మీద ఎర్రటి మన్ను, రాళ్ళు, మధ్యలో ఒక చక్రాల బండి. ఆ బండి చెయ్యి చాపి ఒక రాతిని గీకుతోంది.

"అంగారకుడు జేజీ. అక్కడ ఒకప్పుడు ప్రాణం ఉండిందేమోనని వెతుకుతుండారు," అంది.

"దొరికిందా?"

"రాతిలో ఏవో మచ్చలు కనిపించినాయంట. ప్రాణం ఉండబట్టి వచ్చినాయో, ఊరికే వచ్చినాయో తేల్లేదంట. ఇంకోసారి చూడాలంట."

ఇంకోసారి చూడాలి. అంత చదువుకున్నవాళ్ళు, అంత దూరం బండిని పంపినవాళ్ళు ఆ మాట అన్నారంటే నాకు వాళ్ళ మీద గౌరవం కలిగింది. ఆ మాట నేను మొదట విన్నది సముద్రం ఒడ్డున, కొలిమి పక్కన, మా తాత నోట. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళో పదేళ్ళో. ఆయన ఆ మాట అన్నాడు, అన్నట్టే ఇంకోసారి చూశాడు కూడా. కాని చూసింది చూసినట్టు చెప్పి ఊరుకోకుండా ఒక మాట ఎక్కువ చెప్పాడు. ఆ మాటకు ఒక ఇంటివాళ్ళ వల సముద్రం పాలైంది.

మా తాత కళాయి వేసేవాడు. ఈ సంగతి చెబితే ఇప్పటి పిల్లలు తెల్లమొహం వేస్తారు కాబట్టి కాస్త వివరంగానే చెప్పాలి. ఇత్తడి గిన్నెలో పులుపు వండితే చిలుమెక్కి కూర చేదవుతుంది. అందుకని లోపల తగరం పూత పూస్తారు. అదే కళాయి. అరిగిపోయినప్పుడల్లా మళ్ళీ వేయించుకోవాలి. సముద్రం ఒడ్డు పల్లెల్లో చేపల పులుసు మట్టి చట్టిలోనే కాసేవాళ్ళు గాని, చారుకూ పప్పుకూ పెళ్ళివంటకూ ఇత్తడే. మా ఇంట్లో మిగతా మగవాళ్ళంతా దూది ఏకేవాళ్ళు. తాత ఒక్కడే కళాయికి మళ్ళాడు. దూది దుమ్ము కన్నా బొగ్గు పొగ నయమని ఆయన వాదన. గిన్నె తుడిచే దూది మాత్రం తమ్ముళ్ళ దగ్గర అడిగి తెచ్చుకునేవాడు.

మాకు దక్షిణంగా, కనుచూపుకు అందని దూరంలో రాకెట్లు ఎగరేసే దీవి ఉంది. అక్కడ రాకెట్ ఎగరేసే ముందు, ఫలానా రోజు సముద్రంలోకి ఎవరూ పోకూడదని ఒడ్డు వెంట ఉండే జాలరి పాలెంలన్నిటికీ కబురొచ్చేది. డప్పు కొట్టి చెప్పేవాళ్ళు. పడవలు ఒడ్డునే ఉంటే చేపలు రావు, చేపలు రాకపోతే ఆడవాళ్ళు గంపలెత్తుకుని ఊళ్ళమీదకు పోయే పని లేదు. అందరూ ఇంటిపట్టున ఉండే రోజు అదొక్కటే. అందుకని రాకెట్ రోజు మా తాతకు కళాయి రోజు. నెల్లూరులో ఎవరైనా పేపరు చదివే మనిషి కనబడితే చాలు, "రాకెట్టు ఎప్పుడంటయ్యా?" అని అడిగేవాడు. ఆ మనిషి తాత వైపు వింతగా చూసేవాడు.

ఆ సారి వేసవి సెలవుల్లో, అంతకు ముందులాగే, నన్ను కూడా తీసుకెళ్ళాడు. ప్రేమకొద్దీ కాదు. బిందెలోకి, గంగాళంలోకి దిగి తొక్కడానికి చిన్న కాళ్ళు కావాలి. తాత భార్య, మా జేజి, పులిబొంగరాలు, ఎర్రకారం మూట కట్టి ఇచ్చింది. బస్సు నిండా ఖాళీ చేపల గంపలు, వాటి నీచువాసన, డీజిలు వాసన, ఎవరిదో మేక. మైపాడు దారిలో దిగి, కొలిమి ఊదే తిత్తి తాత భుజాన, బొగ్గుల సంచి నా నెత్తిన పెట్టుకుని ఇసుకలో నడిచాం. పాలెం చేరేసరికి పులిబొంగరాలు సగం అయిపోయాయి. మిగతా సగం దాచమని జేజి చెప్పిందని తాతకు తెలియదు, నేను గుర్తు చేయలేదు.

పాలెంలో మేమెప్పుడూ ఒకరింటి పంచలోనే దిగేవాళ్ళం. ఆ ఇంటాయనకు సొంత పడవ ఉంది. నేను ఆయన్ని మామ అనీ, ఆయన భార్యను అత్త అనీ పిలిచేదాన్ని. వాళ్ళ కూతురు నా ఈడుది. ఎండకి దాని జుట్టు ఎర్రగా ఉండేది, నోరు మాత్రం మహా గట్టిది. ఆ పంచ గుంజకు కొత్త వల వేలాడుతుండేది. చలికాలమంతా ఇంటిల్లిపాదీ కూచుని అల్లిన వల అది. దాని మీద చెయ్యి వేస్తే అత్త ఊరుకునేది కాదు.

తాత ఇసుకలో గుంట తవ్వి తిత్తి అమర్చాడు. నేను గంగాళంలోకి దిగాను. తోమడానికి మామూలు తెల్ల ఇసుక పనికిరాదు. అల వెనక్కి పోయాక ఒడ్డున నల్లగా చారలు కడుతుందే, ఆ ఇసుక కావాలి. బరువుగా, గరుకుగా ఉంటుంది. దాన్నీ చింతపండునీ గిన్నెలో వేసి, అడుగున గోనెగుడ్డ పరిచి, రెండు చేతులతో అంచు పట్టుకుని నడుము తిప్పుతూ తొక్కాలి. ఎండకు ఆ నల్ల ఇసుక అరికాళ్ళను కాల్చేసేది. ఏడిస్తే తాత, "ఏడుస్తానే తొక్కు, ఉప్పునీళ్ళు మంచివే గిన్నెకి," అనేవాడు.

తొక్కిన గిన్నెను నిప్పుల మీద పెట్టి, బాగా కాగాక, తగరం అంటుకోవడానికి నవాసాగరం పొడి చల్లేవాడు. బుస్సుమని తెల్లటి పొగ లేచి ముక్కు మండేది. ఆ పొగలోనే తగరం కడ్డీ తాకించి, దూదితో ఒక్కసారి గుండ్రంగా తుడిచేవాడు. పసుపు గిన్నె లోపలంతా వెండిలా మారిపోయేది. ఎన్నిసార్లు చూసినా అక్కడ చేరిన ఆడవాళ్ళు ఒక్క క్షణం మాట ఆపేవాళ్ళు.

ఆ రోజు పొద్దున పదింటప్పుడు రాకెట్ ఎగిరింది. అందరం నీళ్ళ దగ్గరికి పరుగెత్తాం. దక్షిణాన మబ్బుల కింద ఒక నిప్పు చుక్క, దాని వెనక తెల్లటి గీత. గీత వంకర తిరిగి మాసిపోయాక ఎప్పటికో చప్పుడు వినిపించింది. మామ తలగుడ్డ సర్దుకుని, "అది పోయింది పైకి. ఇంక రేపు మనం పోవచ్చు లోపలికి," అన్నాడు.

మధ్యాహ్నం ఎండు నెత్తళ్ళు, వంకాయ కూరతో అన్నం తిని తాత పంచలో నడుం వాల్చాడు. నేనూ, ఆ ఎర్రజుట్టు పిల్లా కొలిమి దగ్గర చేరాం. నిప్పులింకా ఉన్నాయి. పక్కనే రేకుడబ్బాలో నవాసాగరం.

"రాకెట్టు ఎగరేద్దాం మే," అంది అది.

పది, తొమ్మిది, ఎనిమిది అని వెనక్కి లెక్కపెట్టి, సున్నా రాగానే చిటికెడు పొడి నిప్పుల్లో వేశాను. తెల్లటి పొగ నిలువుగా లేచింది. మా ఆనందానికి అంతు లేదు. తరవాత దాని వంతు, మళ్ళీ నా వంతు. చందమామకు ఒకటి, అంగారకుడికి ఒకటి, పేరు తెలియని చుక్కలకు గుప్పెళ్ళతో. ముక్కులు కారుతున్నా మానలేదు. చివరికి చూస్తే డబ్బా అడుగున కాస్త పొడి మిగిలింది. తాత లేస్తే ఏమంటాడోనని నేను పంచ వైపు చూశాను. అది మాత్రం చల్లగా ఇంట్లోకి పోయి, రాళ్ళ ఉప్పు రోట్లో మెత్తగా నూరి తెచ్చింది. కలిపేశాం. చూడడానికి రెండూ తెల్లగానే ఉన్నాయి.

మర్నాడు తెల్లవారక ముందే పడవలు పోయాయి. మేం మధ్యాహ్నం బస్సుకు బయల్దేరాలని సామాను సర్దుతుంటే మామ పడవ తొందరగా వెనక్కి వచ్చేసింది. పడవలో చేపలు లేవు. వలలో ఒక గుండు ఉంది.

పెద్ద గుమ్మడికాయంత గుండ్రటి లోహపు గుండు. బూడిదరంగు, అక్కడక్కడా మసి. ఒక పక్కంతా పడవ అడుగున అతుక్కునేవాటి లాంటి చిన్న చిన్న పెంకులు గట్టిగా పట్టేసి ఉన్నాయి. తుప్పు మాత్రం చుక్క లేదు. ఇద్దరు పట్టుకుని దించారు. కదిపితే లోపల ఏదో గరగరమంది.

"గుడ్డు మే," అంది నా స్నేహితురాలు. "ఆకాశంలోంచి పడ్డ గుడ్డు. లోపల పిల్ల ఉండాది."

ముందున్న నలుగురు నాలుగడుగులు వెనక్కి వేశారు, పెద్దవాళ్ళే.

ఆ పాలెంలో ఒక కట్టుబాటు ఉండేది. వలలో చేప కానిది, ఎవరికీ తెలియనిది పడితే ఊరి పెద్దలు తేల్చేదాకా ఆ పడవ గానీ, పడవ వాళ్ళు గానీ సముద్రంలోకి పోకూడదు. మనుషులు చేసిన వస్తువైతే పడవ వాళ్ళే ఉంచుకోవచ్చు. మనుషులు చేసింది కాదని తేలితే దాన్నీ, దాన్ని పట్టిన వలనీ కలిపి గంగమ్మకు వదిలేయాలి. మామ కొత్త వల ఇసుక మీద కుప్పగా పడి ఉంది. అత్త దాని పక్కనే కూలబడింది.

బడి అయ్యవారు ఒకాయన ఉండేవాడు. ఆయన ఇది రాకెట్ ముక్కేనన్నాడు. ఊరి కట్టుబాట్లు చూసే పెద్దకాపు నవ్వాడు. "నిన్న ఎగిరిందానికి ఈ పెంకులన్నీ ఎప్పుడు పట్టినాయి సామీ? అయినా రాకెట్టు పైకి పోయేది గదా, నీళ్ళల్లోకి ఎట్టా వస్తది?" ఒడ్డున ఉండి అందరూ ప్రతిసారీ చూసేది అదే, పైకి పోవడం. కింద పడేవి కూడా ఉంటాయని అప్పటిదాకా ఎవరూ వాళ్ళకు చెప్పలేదు. అయ్యవారు అయస్కాంతం తెచ్చి పెట్టాడు. అంటుకోలేదు. ఆయన సైకిలెక్కి, దీవికి తంతి కొట్టిస్తానని మైపాడు పోస్టాఫీసుకు పోయాడు.

పెద్దకాపు మా తాత వైపు తిరిగాడు. "సాయిబన్నా, లోహాల సంగతి నీకు తెలిసినట్టు ఈడ ఎవురికీ తెలీదు. నువ్వు చూసి చెప్పు. మనుషులు చేసిందా, కాదా?"

తాత మొహం వెలిగిపోయింది. అప్పటికే స్టీలు గిన్నెలు ఇళ్ళల్లోకి వచ్చేస్తున్నాయి. కళాయి సాయిబుని గౌరవంగా ఒక మాట అడిగేవాళ్ళు తగ్గిపోయారు. "కళాయి పడితే మన లోహమే," అని సర్దిన తిత్తి మళ్ళీ విప్పాడు.

గుండుకు ఒకచోట బొటనవేలు పట్టేంత మూతి ఉంది. బురదతో పూడుకుపోయింది. "మూతి మూసింది నిప్పు మీద పెట్టను," అని తాత తీగతో ఆ బురద తవ్వాడు. మొదట నీళ్ళు, తరవాత ఇసుక, ఆ ఇసుకతోపాటు ఒక పీత పిల్ల. అది అందరినీ ఒకసారి చూసి, పక్కకి పక్కకి నడుచుకుంటూ సముద్రంలోకి పోయింది.

"పోయిందిమే నీ ఆకాశం బిడ్డ, చేత్తో పట్టుకోకపోయినావా," అని ఎవరో అంటే అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వింది. లోపల ఖాళీ అయ్యాక గుండు ఎంత తేలిగ్గా ఉందంటే తాత ఒంటిచేత్తో ఎత్తాడు. ఎత్తి, నవ్వడం మానేశాడు. ఇత్తడి అంత తేలిగ్గా ఉండదు.

"అమ్మీ, తోము," అన్నాడు.

నల్ల ఇసుక, గోనెగుడ్డ తీసుకుని తోమాను. పెంకులున్న పక్కకు పోతే వేళ్ళు తెగుతున్నాయి. అందుకని పెంకులు లేని పక్కే తోమి, "అయింది తాతా," అన్నాను. తాత దాన్ని నిప్పుల మీద పెట్టి తిత్తి ఊదాడు. కాగాక నవాసాగరం చల్లాడు.

చిటపటమంది.

నేను ఎర్రజుట్టు పిల్ల వైపు చూశాను. పొగ కాస్తే వచ్చింది. తాత చెయ్యి ఒక్క క్షణం ఆగింది, మళ్ళీ కదిలింది. కడ్డీ తాకించాడు. కరిగిన తగరం పట్టకుండా చేమాకు మీద నీళ్ళలా చుక్కలు చుక్కలుగా జారిపోయింది. దూదితో తుడిస్తే దూదికి వచ్చేసింది.

"పట్టలేదు," అన్నారెవరో. "మన లోకంది కాదు," అన్నారు ఇంకెవరో. అత్త వల అంచు పట్టుకుంది.

తాత రేకుడబ్బాలోకి చూశాడు. చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపాడు. మూత పెట్టేశాడు.

"ఇప్పుడే చెప్పను. ఇంకోసారి చూడాల."

నా వైపు చూడలేదు. దానికే నాకు భయమేసింది.

ఆ పూట మిగతా పడవలన్నీ చేపలతో వచ్చాయి. మామ పడవ ఒక్కటే ఒడ్డున ఉంది. అత్త నాకు అన్నం పెడుతూ, కూరలో పెద్ద ముక్క ఏరి నా కంచంలో వేసింది. నేను దాన్ని కంచం అంచుకు జరిపాను. మామ కంచం ముందు కూచుని వల వైపు చూస్తున్నాడు. నా పక్కనే ఎర్రజుట్టు పిల్ల తల వంచుకుని, "చెప్పబాక మే. మాయమ్మ చంపేస్తది," అని గొణిగింది. వాళ్ళ వల పోతుందని తెలిసీ అది ఆ మాట అంది. అమ్మ చేతి దెబ్బలు దానికి అంతకన్నా దగ్గర.

పొద్దుగూకేవేళ తాత సముద్రం నీళ్ళతో కాళ్ళూ చేతులూ మొహమూ కడుక్కుని ఇసుక మీద నమాజు చేసుకున్నాడు. అయ్యేదాకా వెనక నిలబడ్డాను. ఆయన లేవగానే చెప్పేశాను. అంతా ఒక్క ఊపిరిలో, రాకెట్లు, పొగ, రోలు, ఉప్పు. నేనొక్కదాన్నే చేశానని చెప్పాను.

"చిటపటమన్నప్పుడే తెలిసిందమ్మీ. నవాసాగరం అట్టా చప్పుడు చెయ్యదు."

"మరి అడగలేదే?"

"అడిగుంటే అబద్ధం చెప్పేదానివి."

చెవి పట్టుకుని కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా మెలిపెట్టాడు. తరవాత చెయ్యి నా నెత్తిన పెట్టి, "రేపు పొద్దున నెల్లూరు పోయి మంచిది తెస్తా. వల యాడికీ పోదులే," అన్నాడు. చెవి మండుతున్నా నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. తప్పంతా ఉప్పుదే అనుకున్నాను. మంచి పొడి వేస్తే కళాయి పడుతుంది, వల మిగులుతుంది.

మర్నాడు తాత మొదటి బస్సుకు పోయి మధ్యాహ్నానికల్లా కొత్త పొట్లంతో తిరిగొచ్చాడు. పాలెమంతా చేరింది. అత్త ఆయనకు మంచినీళ్ళు ఇస్తూ నెమ్మదిగా, "అన్నా, పట్టిందని చెప్పరాదా," అంది. పక్కనున్న నాకు వినిపించింది.

తాత నీళ్ళు తాగి చెంబు ఆమె చేతికిచ్చాడు. "పట్టకుండా పట్టిందని ఎట్టా చెప్పేదమ్మా. పడితే నీకన్నా ముందు నేనే అరుస్తా."

ఈసారి గుండు ఒక్కటే పెట్టలేదు. మా ఇత్తడి గ్లాసు ఒకటి తీసి దాన్ని కూడా పక్కనే నిప్పుల మీద పెట్టాడు. "పొడిలో తప్పుందా, చేతిలో తప్పుందా, గుండులో తప్పుందా, ఇది చెప్తది," అన్నాడు. ముందు గ్లాసుకు చల్లాడు. బుస్సుమని పొగ, ముక్కు మండే మంచి పొగ. కడ్డీ తాకించి తుడిచేసరికి గ్లాసు వెండిలా మెరిసింది. అదే పొడి, అదే తగరం గుండు మీద వేశాడు. మళ్ళీ చుక్కలు చుక్కలుగా జారిపోయింది. మూడుసార్లు చేశాడు. మూడోసారి వేడి ఎక్కువై గుండు అడుగున నెమలికంఠం నీలం, దాని పైన ఊదా, దాని పైన బంగారు రంగు వచ్చాయి. అంత అందమైన లోహాన్ని నేను మళ్ళీ చూడలేదు.

పెద్దకాపు అడిగాడు. "చెప్పు సాయిబన్నా."

"పట్టలేదు," అన్నాడు తాత.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఇన్నేళ్ళ తరవాత కూడా నేను ఆ క్షణాన్ని పట్టుకుని అక్కడే ఆపాలని చూస్తుంటాను. కాని పాలెమంతా ఆయన వైపే చూస్తోంది. అంతమంది అంత శ్రద్ధగా ఆయన మాట కోసం ఎదురుచూడడం ఎన్నేళ్ళకు జరిగిందో.

"మరి మనుషులు చేసిందేనా?"

తాత గుండు వైపు చూశాడు. "నలభై ఏండ్లుగా ఈ చేతుల్లో పడని లోహం లేదు. ఇనుము తెలుసు, సత్తు తెలుసు, రాగి, ఇత్తడి, కంచు, అన్నీ తెలుసు. ఇది మన భూమిది కాదు."

అయ్యవారు గొడవపడ్డాడు. తంతికి జవాబు వచ్చేదాకా ఆగమన్నాడు. మామే ఒప్పుకోలేదు. "ఎన్నాళ్ళని ఆగేది సామీ? పడవ ఎండిపోతుండాది. ఒదిలేస్తే నేనన్నా ఇంకొకరి పడవలో కూలికి పోతా." ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

మర్నాడు తెల్లవారుతుండగా వలకు పసుపూ కుంకుమా చల్లి, రాళ్ళు కట్టి, గుండుతోపాటు పడవలో వేసుకుని లోపలికి పోయి వదిలేసి వచ్చారు. అత్త బయటికి రాలేదు. నా స్నేహితురాలు నాతో మాట్లాడలేదు. తాత పెద్దకాపు ఇంటి గంగాళం ముందేసుకుని తిత్తి ఊదుతూ కూచున్నాడు.

రాళ్ళు కట్టిన వల మునిగిపోయింది. గుండు మునగలేదు. లోపల ఇసుక, నీళ్ళు తీసేసింది మేమే కదా. పొద్దెక్కేసరికి అలల మీద తేలుతూ వచ్చి, వదిలిన చోటికి ఎదురుగానే ఒడ్డెక్కి కూచుంది. దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆ తరవాత గంటకో రెండు గంటలకో దీవి నుంచి జీపు వచ్చింది.

ఇద్దరు దిగారు. అందులో చిన్నవాడు, మీసాలు సరిగా రాని అబ్బాయి, గుండు దగ్గర మోకాళ్ళ మీద కూచుని, జేబులోంచి చాకు తీసి పెంకులు గీకాడు. నేను తోమకుండా వదిలేసిన పక్క. పెంకుల కింద వరసగా అక్షరాలు, అంకెలు చెక్కి ఉన్నాయి.

"మాదే," అన్నాడు. "రాకెట్లో గాలి నింపి పెట్టే బుడ్డి. ఇప్పటిది కాదు, చాలా నెలల కిందట ఎగిరినదానిది. పైకి పోయేటప్పుడు ఖాళీ అయిన భాగాలు విడిపోయి సముద్రంలో పడతాయి."

నేను అప్పుడు ఇంకో గంగాళంలో నిలబడి ఉన్నాను. తాత లేచి ఆ అబ్బాయి దగ్గరికి పోయాడు.

"నాయనా, కళాయి పట్టలేదే దీనికి?"

"దీనికి పట్టదు తాతా. మీ పనిలో లోపం లేదు. దీన్ని టైటానియం అంటారు."

"ఏ లోకంది అది?"

అబ్బాయి నవ్వలేదు, అది నాకు బాగా గుర్తు. చుట్టూ చూసి, అల వెనక్కి పోయిన చోట నల్ల చారలు చూపించాడు. "ఇదిగో, ఇలాంటి నల్ల ఇసుకలోంచే తీస్తారు. మన ఒడ్డునే ఉంటుంది."

తాత నా దగ్గరికొచ్చి, గంగాళంలోకి చెయ్యి పెట్టి, నా కాళ్ళ మధ్య నుంచి గుప్పెడు ఇసుక తీశాడు. నలభై ఏళ్ళుగా దాంతోనే ఆయన గిన్నెలు తోమించాడు. దాన్ని అరచేతిలో అటూ ఇటూ కదిపి చూసి, మళ్ళీ నా కాళ్ళ మీదే వదిలేశాడు. ఆయన మొహం చూడలేక నేను కిందికి చూస్తూ తొక్కడం మొదలుపెట్టాను.

వాళ్ళు గుండు తీసుకుని పోయారు. తాత మామ ముందు నిలబడి, అందరూ వినేటట్టు చెప్పాడు. "తప్పు చెప్పినా అబ్బయా. పట్టలేదు అన్నకాడికి నిలిచిపోవాల్సింది. నాకు తెలీదు అనాల్సింది. ఆ మాట నోటికి రాలా."

మామ, "నువ్వేం అబద్ధం చెప్పలేదులే సాయిబన్నా," అన్నాడు. అత్త మాత్రం తలుపు దగ్గరినుంచి లోపలికి వెళ్ళిపోయింది.

మేం ఆ రోజు బస్సెక్కలేదు, మర్నాడూ ఎక్కలేదు. తాత నెల్లూరుకు కబురు పంపి, ఆ వేసవంతా ఆ పంచలోనే కూచుని వల అల్లాడు. వెదురు సూది పట్టుకోవడం రాదు, ముడి బిగించడం రాదు. కొలిమి దగ్గర కాలి మొద్దుబారిన వేళ్ళు ఆయనవి. నా స్నేహితురాలే నేర్పింది. "అట్టా కాదు తాతా, ఇట్టా," అని చేతి మీద ఒకటి వేసి మరీ నేర్పింది. ఆ నేర్పడంలోనే మళ్ళీ నాతో కూడా మాటలు కలిపింది. ఉప్పు సంగతి మాత్రం వాళ్ళమ్మకు చెప్పలేదు. ఆయన ముడులు వంకరగా పడేవి. మధ్యాహ్నం ఆయన కునుకు తీసినప్పుడు అత్త చప్పుడు కాకుండా వాటిని విప్పి మళ్ళీ వేసేది. లేచాక, "బాగా వస్తుండాదన్నా," అనేది. నేను ఇద్దరినీ చూస్తూ నోరు మూసుకుని కూచునేదాన్ని. బడి తెరిచే రోజులకు వల పూర్తయింది. దాన్ని పడవలో వేసిన రోజు అత్త మాకు సొరచేప పుట్టు చేసి పెట్టింది.

తాత ఆ తరవాత ఎన్నో ఏళ్ళు బతికాడు. కళాయి పని దాదాపు పూర్తిగా పోయింది. ఎవరైనా ఏదైనా గిన్నె తెచ్చి ఇదేం లోహమని అడిగితే, కళాయి వేసి చూసి, "పట్టింది" అనేవాడు, లేదా "పట్టలేదు" అనేవాడు. ఇంకొక్క మాట అనేవాడు కాదు. మా జేజికి చిరాకు. "ఇంతకీ ఏందో చెప్పరాదా," అనేది. ఆయన లేచి బయటికి పోయేవాడు.

ఆ ఇత్తడి గ్లాసు నా దగ్గరే ఉంది. లోపలి పూత అరిగిపోయి పసుపు తేలింది. మళ్ళీ వేసే మనిషి నెల్లూరులో ఎక్కడున్నాడో కనుక్కోవాలి. దాంట్లో పులుపు పోయను, మంచినీళ్ళు తాగుతాను.

"ఏం జేజీ, పలకవే? అక్కడ ప్రాణం ఉండిందంటావా, లేదంటావా?" మనవరాలు ఫోను ఇంకా నా ముక్కు దగ్గరే పట్టుకుని ఉంది.

పిండి చేతులు చీరకు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఈసారి సరిగా చూశాను. బండి రాతిని ఒక పక్క గీకి, నున్నగా చేసి, చెయ్యి వెనక్కి తీసుకుంటోంది. రెండో పక్క అలాగే ఉంది.

"ఆ పక్క కూడా తోమమను," అన్నాను.